ఆఫీసు మెయిల్ లేని మనిషి

మా వంశంలో షేర్ ఆటో ఎక్కిన మొదటివాణ్ణి నేనే. ఆ రోజు ఫిల్మ్ నగర్‌లో నా పక్కన ఒకామె కూర్చుంది. మెడలో కొలతల టేపు, కొంగుకు వరసగా పిన్నీసులు. నా ఐడీ కార్డు చూసి మాట కలిపింది.

"సారూ, మీది కంప్యూటర్ పనా? మా స్టూడియోల బట్టలు కుట్టేటోళ్లం నలుగురం ఒక్క లాగిన్ తోనే హాజరు ఏసుకునేటోళ్లం. ఇయ్యాల ఆ హాజరు పేజీ ఎవరి ఆఫీసు మెయిల్ వాళ్లకు కావాల్నంటుంది. ముగ్గురికి ఇచ్చిండ్రు, నాకియ్యలే. మూడు దినాలు హాజరు పడకుంటే ఇంకొకల్ని పెట్టుకుంటరట."

ఆ హాజరు పేజీకి సింగిల్ సైన్-ఆన్ కలిపింది నేనే. ఒక్కసారి లాగిన్ అయితే ఆఫీసు పేజీలన్నీ తెరుచుకుంటాయి. మెయిల్ లేనివారికి ఏదీ తెరుచుకోదు. ఆమెను చేర్చడం నాకు రెండు నిమిషాల పని. పేరు అడగబోయాను.

"గిది పెట్టినోడు ఎవడోగానీ, ఇల్లూ వాకిలీ లేనోడే అయ్యుంటడు," అని నవ్విందామె.

అప్పుడు ఆటో జూబ్లీ హిల్స్‌లో మా తాతగారు కట్టిన, మేం అమ్ముకున్న ఇంటి ముందు నుంచి వెళ్తోంది. అందులో ఇప్పుడు రెస్టారెంటు నడుస్తోంది.

"మెయిల్ లేదంటే మీరు ఆఫీసు మనిషి కాదనే అర్థం," అన్నాను.

"పద్దెనిమిదేండ్ల సంది కుడుతున్న సార్," అంది. బోరబండలో దిగిపోయింది.

నాలుగో రోజు హాజరు జాబితాలో బట్టలు కుట్టడానికి కొత్తగా పెట్టుకున్న మనిషి పేరు చేరింది, ఆఫీసు మెయిల్‌తో సహా. లాగిన్ మొదటిసారికే పనిచేసిందని రిపోర్టు రాసి పంపాను.