మల్లన్న దీపం నూనె తాగిన జీపు

ఈరోజు మెకానిక్ నా కారు బానెట్ ఎత్తి, "సార్, బండి బాగ తిరిగింది. ఇంజన్ల రింగులు అరిగి ఆయిల్ తాగుతుంది" అన్నడు. వెనక నుంచి నీలం పొగ వాసన తగలగానే నాకు నవ్వొచ్చింది. మా బాపు పాత జీపు యాదికొచ్చింది. దోస్తులారా, సీటు కింద ఆయిల్ డబ్బా లేకుండా ఊరు దాటని బండ్లు మీకు సుత యాదికున్నయా?

నా చిన్నప్పుడు ఒక ఆదివారం ఆ జీపుల, తమ్ముని పుట్టువెంట్రుకలు తీయించడానికి కొమురవెల్లి మల్లన్న కాడికి పోతున్నం. సగం దారిలో ఆయిల్ లైటు వెలిగింది. బాపు ఆయిల్ కొలిచే పుల్ల తీసి చూస్తే తడి కూడా అంటలేదు. డబ్బా ఇంట్లోనే మరిచిండు. ముందుకు పోతే ఇంజన్ పట్టేస్తుంది, ఆగితే పొద్దు దాటుతుంది. చుట్టుపక్కల ఒక్క దుకాణం లేదు. అప్పుడు బాపు చూపు నాయినమ్మ ఒళ్లో ఉన్న నువ్వుల నూనె సీసా మీద పడ్డది. అది బోనం మీది దీపానికి తెచ్చిన నూనె.

"దేవుని నూనె ఇంజన్ల పోస్తవారా?" అని నాయినమ్మ సీసా గట్టిగ పట్టుకున్నది.

"పోసేది దేవుని కాడికి పోనీకే గదనే అవ్వా!"

నాయినమ్మ పట్టు సడలించింది. "దీపానికి ఇంత ఉంచి పొయ్‌రా" అని సీసా ఇచ్చింది.

జీపు కదిలింది. దారి పొడుగునా జీపు పొగల గారెలు కాలుస్తున్న వాసన. అమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. కొమురవెల్లిలో ఆగంగనే జనం చుట్టూ మూగి, "ఏం వండుకొచ్చిన్రు?" అని అడిగిన్రు.

నాయినమ్మ కొంగు సర్దుకొని దర్జాగా దిగింది.

"ఏం వండలే బిడ్డా. మల్లన్న మేమొచ్చేదాంక ఆగలేక, మా జీపులనే దీపం ముట్టిచ్చుకున్నడు."