సాన మావయ్య మోచెయ్యి

సాన మావయ్య మోచేత్తో వినేవాడు. లేత్ షాపులో ఏ మూల ఎవరు గుసగుసలాడినా సరే, ఆయన మోచెయ్యి బల్లకి ఆనించి ఉంటే చాలు, పొల్లుపోకుండా అప్పజెప్పేవాడు. సరే, గుసగుసల దగ్గర కాస్త ఎక్కువ కలిపాను. ఆ మోచేతికి వినపడేది ఒక్క గ్రైండరే. అది మాత్రం ఒట్టు పెట్టి చెప్పగల నిజం. ఎందుకంటే ఆయన చెవులకి గ్రైండర్ వినపడటం మానేసి చాలా కాలమైంది.

లేత్ మీద కోసే ఉలులూ, డ్రిల్ బిట్లూ మొద్దుబారితే గ్రైండర్ రాయి మీద పదును పెట్టడం ఆయన పని. అందుకే ఊరంతటికీ సాన మావయ్య. ఆ రాయి రొదే ఆయన చెవుల్ని కొద్దికొద్దిగా అరగదీసింది. సంగతి ఆయన భార్య ఒక్కదానికే తెలుసు. ఎదురుగా నిలబడి, పెదవులు బాగా కదిపి మాట్లాడేది. షాపులో ఎవరేమన్నా ఆయన మాత్రం వాళ్ల మొహం చూసి, "అంతేగా మరి," అనేవాడు. లోకంలో సగం మాటలకి ఆ జవాబు సరిపోతుంది.

షాపు ఆయన అక్క మొగుడిది. బావ మంచివాడు, భయమంతా ఆ మంచితనంతోనే. వెనకటికి గ్రైండర్ దగ్గర ఒకతని వేళ్లు పోయాయి. అప్పటినుంచీ కన్నూ చెవీ సరిగా లేనివాణ్ణి ఆ రాయి దగ్గర నిలబెట్టనని బావ పట్టు. తెలిస్తే పొమ్మనడు. గుమ్మం దగ్గర కుర్చీ వేసి, టీ ఇచ్చి, కూర్చోమంటాడు. ఆ కుర్చీ అంటేనే సాన మావయ్యకి భయం. పదును పెట్టడం తప్ప ఆయనకి ఇంకేమీ రాదు మరి.

ఒకరోజు గ్రైండర్ స్విచ్ మీట వేలాడిపోయి, కాలిన వాసన వేసింది. ఇనుప మీట ఉన్న పాతకాలం స్విచ్ అది. వేస్తే బొటనవేలిని తన్నేది, తీస్తే మళ్లీ తన్నేది. వేలికి ఆ తన్నూ, మోచేతికి బల్ల వణుకూ, ఈ రెండే ఆయనకి మిగిలిన చెవులు.

ఎలక్ట్రీషియన్‌ని పిలుద్దామని బావ అంటే సాన మావయ్య వద్దన్నాడు. తానే బజారుకెళ్లి, కొట్టువాడు పెట్టిన స్విచ్‌లన్నీ కళ్లు మూసుకుని బొటనవేలితో నొక్కి చూశాడు. ఒక్కటీ తన్నలేదు. అన్నీ ఎర్ర బొత్తాం, పచ్చ బొత్తాం రకమే. పిండిముద్దని నొక్కినట్టు మెత్తగా లోపలికి పోతున్నాయి. తన్నే స్విచ్ కావాలని అడిగితే కొట్టువాడు ఆయన్ని ఎగాదిగా చూసి నవ్వాడు. చివరికి ఆ బొత్తాలదే ఒకటి జేబులో వేసుకుని, కాళ్లీడ్చుకుంటూ వచ్చాడు.

వచ్చేసరికి బావ ఇంకో మేలు చేసి పెట్టాడు. పక్కింటివాళ్లు రొద భరించలేకపోతున్నారని గ్రైండర్ కాళ్లకింద మందపాటి రబ్బరు ముక్కలు వేశాడు. సాన మావయ్య వాటిని చూశాడు గానీ, స్విచ్ ధ్యాసలో పడి పట్టించుకోలేదు.

ప్లగ్గు పీకాడు. గ్రైండర్‌ని పక్కకి వాల్చి అడుగు రేకు విప్పాడు. ఏ తీగ ఎక్కడిదో మర్చిపోకుండా ఒకదానికి దారం కట్టాడు. పాతది ఊడదీసి, కొత్తదానికి తీగలు బిగించి, లాగి చూశాడు. రేకు మూసి, నిలబెట్టి, ప్లగ్గు పెట్టి, పచ్చ బొత్తాం నొక్కాడు.

ఏమీ లేదు. వేలికి తన్ను లేదు. మోచెయ్యి ఆనించాడు, బల్ల చచ్చినట్టు పడి ఉంది. ఎర్రది నొక్కి, మళ్లీ పచ్చది నొక్కాడు. రాయి బూడిదరంగులో కదలకుండా కనిపించింది. తీగ తప్పు కలిపానేమో అనుకున్నాడు. ఇప్పుడు ఎలక్ట్రీషియన్ వస్తాడు, నాలుగు మాటలు అడుగుతాడు, బండారం బయటపడుతుంది. రాయి పట్టేసిందేమో తిప్పి చూద్దామని చెయ్యి చాపాడు.

అరచేతికి తిరుగుతున్న రాయి గాలి తగిలింది.

అదే క్షణంలో ఎవరో కాలరు పట్టి వెనక్కి లాగారు. బావా ఆయనా కలిసి ఇనుపరజను మీద కూలబడ్డారు. బావ ప్లగ్గు పీకి వచ్చాడు. మొహం తెల్లబోయి ఉంది. అటు తిరిగి ఏదో అన్నాడు. పెదవులు కనపడలేదు.

"అంతేగా మరి," అన్నాడు సాన మావయ్య.

బావ మెల్లగా ఇటు తిరిగాడు. "నీకు చెవుడా అని అడిగాను."

ఆ రోజే కుర్చీ పడింది. టీ వచ్చింది. సాన మావయ్య ముట్టుకోలేదు. గోడవైపు చూస్తూ, శవం పక్కన కూర్చున్నవాడిలా కూర్చున్నాడు. ఇంటికెళ్లి భార్యకి ఏం చెప్పాలో తెలియలేదు. అటు బావ తానే ఉలి పట్టుకుని రాయి దగ్గర నిలబడ్డాడు. గట్టిగా నొక్కేసరికి ఉలి మొన నీలం తిరిగింది. రెండోదీ కాలిపోయింది. మూడోది అందుకుంటుంటే ఇక చూడలేక సాన మావయ్య లేచాడు.

గ్రైండర్ ఆపించాడు. రాయి ఆగాక, గుర్తులు గీసే సుద్దముక్క తెచ్చి దాని పక్కభాగం మీద ఒక తెల్లగీత గీశాడు. పచ్చ బొత్తాం నొక్కాడు. గీత మాయమైంది. ఎర్రది నొక్కి చేతులు వెనక్కి కట్టుకున్నాడు. చాలాసేపటికి గీత మళ్లీ కనిపించింది.

"గీత కనపడకపోతే?" అన్నాడు బావ, మొహం ఎదురుగా పెట్టి.

"చెయ్యి చాపను బావా. ఆ రబ్బరు లేకపోతే బల్ల వణుకు నా మోచేతికి తెలుస్తుంది. నన్ను మాత్రం ఆ కుర్చీలో కూర్చోబెట్టకు."

"ఒట్టు?"

"అక్క మీద ఒట్టు."

"దాన్ని మధ్యకి లాగకురా, తెలిస్తే మనిద్దర్నీ ఉతికి ఆరేస్తుంది."

నవ్వలేదు ఎవరూ. బావ కాలిన ఉలుల వంక చూశాడు, బావమరిది వంక చూశాడు. గ్రైండర్‌ని కొంచెం ఎత్తి పట్టుకుని, కాళ్లకింది రబ్బరు ముక్కలు ఒక్కొక్కటే పీకేశాడు.

ఇదంతా సాన మావయ్య ఎదుట చెప్పి చూడండి. మీ పెదవుల మీంచి చూపు తిప్పకుండా చివరిదాకా వింటాడు. మోచెయ్యి బల్లమీదే ఉంటుంది.

"అబద్ధం," అంటాడు. "నాకు చెవుడు లేదు. స్విచ్ మార్చింది ఎలక్ట్రీషియన్. ఆ కుర్చీలో నేనెప్పుడూ కూర్చోలేదు."