ఇదివరకేగారు

మా బావగారిని చట్టసభలో అందరూ ‘ఇదివరకేగారు’ అనేవారు. చరిత్రలో పెద్ద చదువు చదివిన మనిషి. సభ్యులు ఏదైనా చట్టం చేసేముందు, అలాంటిది వెనక ఎవరైనా చేశారా, చేస్తే ఏమైంది అన్నది చెప్పడం ఆయన ఉద్యోగం. అందుకోసం ఒక గది, కిర్రుకిర్రుమనే ఫ్యాను, తనే తప్ప ఎవరూ తెరవని రెండు బీరువాలు ఇచ్చారు.

సభ్యులకు ఆయన దగ్గర కావలసింది ఒక్క ముక్క: ‘చరిత్రలో తొలిసారిగా’. ప్రసంగాలన్నీ అలాగే మొదలవ్వాలి. ఈయనేమో ఎర్రకలంతో దాన్ని కొట్టేసి, ‘ఇదివరకే చేశారు, బెడిసికొట్టింది’ అని పక్కన రాసేవారు. శుభం పలకరా అంటే ఇదీ వరస అని వాళ్లు పళ్లు నూరేవారు.

ఒక ఏడు, వాననీళ్లు పోయే పెద్దకాలవను పూడ్చి దుకాణాలు కట్టే బిల్లు వచ్చింది. బావగారికి గుండెల్లో రాయి పడింది. ఆ కాలవ గట్టు కింద మొదటి ఇల్లు ఆయనదే మరి. అంత చరిత్ర తెలిసినవాడు అక్కడే స్థలం ఎందుకు కొన్నాడంటే, ఆ చరిత్ర మాత్రం అడక్కూడదు.

కమిటీ ముందు నిలబడి, “ఇదివరకే రెండుసార్లు పూడ్చారండీ. రెండుసార్లూ ఇళ్లు మునిగాయి. మళ్లీ తవ్వుకున్నారు” అన్నారు.

అధ్యక్షుడు గడ్డం గోక్కున్నాడు. “మూడోసారి ఎవరూ పూడ్చలేదుగా?”

“లేదండీ.”

“అయితే మూడోసారి పూడ్చడం చరిత్రలో తొలిసారే కదా?”

బావగారు ఆలోచించారు. “అవునండీ” అన్నారు.

అంతే, చరిత్రకారుడే ఒప్పుకున్నాడంటూ బిల్లు చప్పట్లతో గట్టెక్కింది. నాకు ఒళ్లు మండింది.

“కాదని ఒక్క మాట అనలేకపోయారా బావా?”

“ఎలా అంటానోయ్? అది నిజమే కదా!”

వానలు రానే వచ్చాయి. కొంప ముంచుకున్నవాళ్లను చాలామందిని చూశాను గానీ, అచ్చంగా నీళ్లలో ముంచుకున్నది మా బావగారే. అక్క తడిసిన బియ్యాన్ని చూసి ఏడ్చింది. ఆయన మంచమెక్కి, పుస్తకాలు నెత్తిన పెట్టుకుని నిలబడ్డారు.

అంతలో గుమ్మంలోకి పడవ వచ్చింది. అందులో అధ్యక్షుడు, మైకు, కెమెరా.

“చరిత్రలో ఎన్నడూ ఎరగని వరద!” అన్నాడు అధ్యక్షుడు.

“ఇదివరకే రెండుసార్లు వచ్చిందండీ” అన్నారు బావగారు, మంచం మీంచే.

“మూడోసారి రావడం ఇదే తొలిసారి కదండీ?”

బావగారు ఆలోచనలో పడ్డారు. పెదాలు కదిలాయి. అక్క ఒక్క ఉదుటున మంచమెక్కి, తడిచేత్తో ఆయన నోరు మూసేసింది.