రెండు మంటలు ఒకటైతే తోవ

"మీ అత్త పోయిందిరా. ఇంక ఈ మూట ఎవలికి దించీది?"

మొన్న పొద్దున్న పలాస బస్టాండులో కండక్టరు అడిగాడు. బస్సు మీద జీడిపిక్కల తొక్కల మూట. నా సంచీలో, మా రేవుకి రెండో దీపం కావాలంటూ అచ్చేయించిన కరపత్రాలు. రెండూ ఆవిడ కోసమే.

మా పక్కింటావిడ. వరస కలిపి అత్తా అనేవాణ్ణి. ఒంట్లో ఓపికున్నన్నాళ్లూ పలాసలో జీడిపిక్కలు కొట్టింది. వచ్చేటప్పుడు తొక్కలు మోసుకొచ్చేది. వాటిలో నూనె ఉంటుంది, తడిగాలికీ మంట ఆరదు. పడవలు రాకముందే మబ్బేసి చీకటి పడితే రెండు కుప్పలు అంటించేది. ఒకటి నీళ్ల దగ్గర, ఒకటి వెనక దిబ్బ మీద. సముద్రంలోంచి చూస్తే ఒకదాని మీద ఒకటి నిలిచినట్టు కనబడాలి. అప్పుడు తిన్నగా వచ్చేస్తే ఇసకమేట తగలదు.

"లైటుహౌసుంది కదత్తా?"

"అది ఊరెక్కడో సెప్తాది. గుమ్మం ఎక్కడో సెప్పదు."

లైటుహౌసు వెలుగు కళ్లముందుండగానే, ఆ ఇసకమేటకి కొట్టుకుని మావ పడవ తిరగబడింది.

చదివిన పుస్తకాల వేడి నాది. "ఇది గవర్నమెంటు పని! నువ్వు మంట మానేస్తేనే వాళ్లకి బుద్ధొస్తుంది!" అని ఎగిరాను.

"ఆల్లకి బుద్దొచ్చీదాకా పడవల్ని నీల్లలో ఆగమంటావేటి? అయితే నువ్వే ఎల్లి సెప్పిరా. ఈతొచ్చేటి?"

ఒడ్డునున్న ఆడాళ్లంతా విరగబడి నవ్వారు.

టెక్కలిలో ధర్నాలు చేసి చేసి దిబ్బ మీదకి ఒక దీపస్తంభం తెచ్చాం. నేను గొప్పగా చూపిస్తే అత్త తలెత్తి చూసింది. "ఒంటి దీపం. దీనికి జత ఏదిరా?" రెండోది అడిగితే ఒకటిచ్చాం కదా అన్నారు ఆఫీసర్లు. నేను రగిలిపోయాను. అత్త మాత్రం ఆ స్తంభాన్నే పైమంటగా లెక్కేసుకుని, కింద కుప్ప అంటించడం మానలేదు. "కోపమూ తొక్కలాటిదేరా. ఎక్కడ కాల్సాలో సూసుకో" అంది.

కిడ్నీలు పాడై పలాస వెళ్లలేకపోయాక, మూట కంపు కొడుతోందని ఒకప్పుడు సణిగిన కండక్టరే తెచ్చి దించేవాడు. మంట పక్కన పీట వేయించుకుని కూచునేది.

మొన్న దహనమయ్యేసరికి సాయంత్రం. మబ్బేసింది. తెల్లారకముందే వెళ్లిన పడవలింకా రాలేదు. వాళ్లకి కబురు తెలీదు. నీళ్ల దగ్గర మూట గుమ్మరించాను. గాలికి అగ్గిపుల్లలు ఆరిపోతుంటే సంచీలోని కరపత్రాలు ముట్టించాను. మళ్లీ అచ్చేయిస్తాను, ఊరుకోను.

మొదటి పడవ మేట దాటింది. నీళ్లలోంచే ఎవరో ఎప్పట్లాగే అత్తని కేకేశారు.

"అప్పా! వొచ్చేసినాం!"

"బేగి దిగండ్రా సచ్చినోల్లారా" అనే తిట్టు కోసం వాళ్లు కాసేపు ఆగారు. పీట పక్కన తొక్కలు చిటపటమంటూ కాలుతున్నాయి.