చదవరా తమ్ముడూ!

మా వదిన నోటికి ఊళ్లో సగంమంది భయపడతారు. మిగతా సగం ఆమె చేత ఇంకా కుట్టు మిషన్ బాగుచేయించుకోనివాళ్లు. మెట్ల కింద ఇరుకు గదిలో ఆమె షాపు. ఏ మిషన్‌కి ఏ జబ్బు, దేనితో నయమైంది, అన్నీ ఫోన్‌కి చెప్పి రాయించుకుంటుంది. అవి దాచే యాప్ చేసింది ఆమె తమ్ముడు, అంటే మా ఆయన.

ఈమధ్య వదిన చూపు బాగా తగ్గిపోయింది. చేతులు మిషన్‌ని తడిమి పోల్చుకుంటాయి గానీ, ఫోన్‌లో అక్షరం కనబడదు. అందుకని పైకి చదివిపెట్టే యాప్ ఒకటి పెట్టుకుంది. అది వార్తలు చదివింది, బంధువుల మెసేజ్‌లు చదివింది. మా ఆయన యాప్ తెరవగానే నోరు మూసుకుంది. బయటి యాప్ దేన్నీ ఆయన లోపలికి రానివ్వడు మరి!

"చదివే ఏర్పాటు కూడా నేనే చేస్తా అక్కా. వచ్చే ఏడాది."

"అప్పటిదాకా నేనేం చేయాలిరా?"

"కొన్నాళ్లు షాపు మూసెయ్యొచ్చుగా. ఎంతకాలమని కష్టపడతావు?"

ఆ మాటకి నాకే ఒళ్లు మండింది. వదిన మాత్రం "సరేలేరా" అంది. అక్కడే నాకు అనుమానమొచ్చింది.

మర్నాడు వ్యాన్‌లో రెండు మిషన్లు వేయించి నేరుగా ఆయన ఆఫీసుకి వెళ్లింది. తోడు నేనే. పెట్టుబడి పెట్టేవాళ్లతో ఆయన మాట్లాడుతుండగా, బల్ల మీది కాగితాలు పక్కకి నెట్టి మిషన్ దింపించింది.

"ఇదేంటక్కా!"

"ఇంకెవరూ లోపలికి రాకూడదన్నావుగా. నువ్వు రావచ్చుగా? చదువు. దీనికి కుట్టు జారుతోంది. ఇదివరకు ఫోన్‌కి ఏం చెప్పి రాయించానో చూడు."

ఆయన ఫోన్ తీసుకుని చదివాడు. వదిన విప్పింది, బిగించింది, రెండోది దింపమంది. ఈలోగా టైలర్లు ఆరా తీస్తూ అక్కడికే వచ్చారు. ఆ వారమంతా ఇదే తంతు. ఆఫీసు నిండా మిషన్ నూనె వాసన.

"అక్కా, నా పరువు పోతోంది."

"పోనీరా! నాకు చూపే పోయింది. నా మాటలు నాకు వినబడ్డానికి నీ దయ కోసం ఏడాది ఆగాలా? తలుపు తీస్తావా, చదువుతూ కూర్చుంటావా?"

"ఎవడో వచ్చి పాడుచేస్తే?"

"ఎవర్ని రానివ్వాలో నేను చెప్తా. మాటలు నావి, నీవి కావు."

"తలుపు తీయండి, లేకపోతే ఇంట్లో నేనూ ఊరుకోను" అన్నాను.

తీశాడు. ఇప్పుడు మనం ఒప్పుకుంటే చాలు, ఏ యాప్ అయినా మన రాతల్ని చదవొచ్చు, కొత్తవి చేర్చొచ్చు. చదివిపెట్టేది మొదట చేరింది. తర్వాత ఒక టైలరమ్మ సలహాతో చప్పుళ్లు రికార్డు చేసేదాన్నీ కలిపారు. వదిన ఇప్పుడు మిషన్ పాత చప్పుడూ కొత్త చప్పుడూ ఒకదాని తర్వాత ఒకటి విని జబ్బు చెప్పేస్తోంది. అలాంటిదొకటి కావాలని మా ఆయనకి తట్టనే లేదు.

మొన్న ఆయన అలవాటుకొద్దీ షాపుకొచ్చి, "ఏమైనా చదవాలా అక్కా?" అన్నాడు.

వదిన ఫోన్‌ని "మొండికేసిన మిషన్" అని అడిగింది. అది గడగడా చదివింది: "బలవంతం చేయొద్దు. నూనె వేసి ఆగాలి. అప్పటికీ కదలకపోతే విప్పెయ్యాలి. తమ్ముడికైనా ఇంతే."

ఆయన ముఖం చూడాలి! వదిన స్టూలు జరిపింది.

"షాపు మూసెయ్యమన్నావుగా? కూర్చో. సాయంత్రం నువ్వే మూసేద్దువుగాని. రేపు పొద్దున్నే వచ్చి నువ్వే తెరవాలి మరి."