‘పడుగు’ అనే తంతి పేరు

డెబ్బైల చివర్లో, మా ఇంట్లో నేసిన దుప్పట్లు అమ్మడానికి నేను ఎమ్మిగనూరు నుంచి వచ్చి ఆదోనిలో గది తీసుకున్నాను. హుబ్లీ, సోలాపూరు వర్తకులు సరుకు కావాలంటే టెలిగ్రాం ఇచ్చేవారు. అందులో మాటమాటకూ డబ్బే. పేరూ వీధీ అన్నీ రాయకుండా, తంతి ఆఫీసులో ఒక్క మాట నమోదు చేయించుకుంటే ఆ మాటా ఊరి పేరూ చాలు. నేను ‘పడుగు’ అనుకున్నాను. మగ్గం మీద నిలువుగా పరిచే నూలు అది. నాదంటూ ఒక పేరు ఉండబోతోందని మనసులోనే మురిసిపోయాను.

ఆఫీసుకు వెళితే గుమాస్తా తల ఎత్తకుండా, "సార్ లేడు, రేపు రా" అన్నాడు. మరునాడూ అదే మాట. మా గది కింద పత్తిగింజల కొట్టు సాయిబు, "నా కొట్టు పేరు మీద తెప్పించుకో బేటా, వచ్చినవి వచ్చినట్టే నీకిస్తా" అన్నాడు. మంచివాడే గాని, ఇంకొకరి పేరు చాటున ఉండటం నాకు నచ్చలేదు. చివరికి బజారులో టైపు మిషను పెట్టుకుని ఆఫీసు పనులు చేసిపెట్టే ఏజెంటు దగ్గరికి పోయాను.

"ఆఫీసు సుట్టూ తిరిగితే సెప్పులు అరుగుతాయప్పా. నాకొదిలిపెట్టు. నీ గది ఎప్పుడు మారుతుందో ఏమో, తంతులు నా కొట్టుకే రానీ" అన్నాడు. వారంలో పేరు వచ్చింది. వాడి నోట్లో ఎప్పుడూ వక్కాకు. మాట్లాడుతుంటే ఎర్రటి తుంపర్లు మీద పడేవి. పనైంది కదా అని సహించాను.

ఒక సాయంత్రం టీ తాగడానికి హోటలుకు పోతే, యజమాని గ్లాసు అందిస్తూ జాలిగా అడిగాడు.

"మీ సెల్లెలికి ఇప్పుడెట్లుందప్పా?"

"మా చెల్లెలికేమైంది?"

ఆయన బిత్తరపోయాడు. "పొద్దున తంతి వచ్చిందంట కదా, మద్దికెర నుంచి. ఈడ అందరికీ సెప్పినాడే ఏజెంటు!"

మద్దికెరలో అత్తింట్లో ఉన్న మా చెల్లెలు నిండు చూలాలు. గ్లాసు అక్కడే పెట్టి పరుగెత్తాను. ఏజెంటు బొరుగుల ఉగ్గాని, బజ్జీ తింటున్నాడు. పొట్లం కింద నుంచి టెలిగ్రాం లాగి ఇచ్చాడు. అంతా నూనె. మా బావ ‘పడుగు’ పేరుకు ఇచ్చినది: చెల్లెలికి బాగాలేదు, వెంటనే రా.

"పొద్దున్నే వచ్చిండె. నీవే వస్తావులే అని పెట్టినా."

"పక్క వీధిలో ఉన్నాను కదా! హోటల్లో చెప్పడానికి తీరిక దొరికిందా?"

"అందరం ఒక ఊరోళ్ళమే కదప్పా, సెప్తే తప్పేముంది?" అని వేళ్ళు నాక్కున్నాడు.

మద్దికెర చేరేసరికి తెల్లారింది. చెల్లెలు బతికింది, బిడ్డ దక్కలేదు. నన్ను చూసి, "అన్నా, నిన్నంతా యాడుండావు?" అని మాత్రం అడిగి అటు తిరిగి పడుకుంది. బజ్జీల పొట్లం కింద ఉన్నానని ఆమెకెలా చెప్పను?

తిరిగొచ్చి తంతి ఆఫీసులో పెద్దసారు వచ్చేదాకా కదలకుండా కూర్చున్నాను. ‘పడుగు’ను నా గదికి మార్చమన్నాను. ఆయన రిజిస్టరు చూసి, ఆ పేరు ఏజెంటుదేనని, అతను సంతకం పెడితే తప్ప మార్చలేమని చెప్పాడు. కొట్టుకు పోయి అడిగితే ఏజెంటు దాపరికం లేకుండా నవ్వాడు.

"పేరు నాదేప్పా. నీకు వాడుకోనిచ్చినా, అంతే. కావాలంటే ఇంకోటి పెట్టుకో."

అలాగే పెట్టుకున్నాను. ఈసారి మధ్యలో ఎవరూ లేకుండా, ఆ పెద్దసారు ఎదుటే, నా గది చిరునామాతో. వర్తకులందరికీ కార్డులు రాశాను. అయినా కొందరు పాత పేరుకే తంతులిచ్చారు, అవి వాడికే చేరాయి. కొన్నాళ్ళకు ‘పడుగు’ను హాలహర్వి విత్తనాల వ్యాపారికి అంటగట్టాడని తెలిసింది. నేను పోయి ఆ వ్యాపారికి జరిగింది చెప్పాను. ఆయన నమ్మలేదు. "మంచోడే కదప్పా" అన్నాడు.

ఎనభైల్లో ఒకసారి ఎమ్మిగనూరు బస్టాండులో ఏజెంటు ఎదురయ్యాడు. ఏమీ జరగనట్టు నా భుజం మీద చెయ్యేసి, "బాగుండావా అప్పా? సెల్లెలు బాగుందా?" అన్నాడు. చెయ్యి తోసేసి ముందుకు నడిచాను. ఇంటికి పోయి ఆ చొక్కా విప్పి, అమ్మ ఇటివ్వమన్నా ఇవ్వకుండా నేనే ఉతుక్కున్నాను.