శ్రీధర్ గారి కబాలా దీక్ష

2020 చివరి నెలలు. జర్మనీలోని ఇంగోల్‌స్టాట్‌లో షుగరు వ్యాధి మాత్రమే చూసే ఒక క్లినిక్‌లో నేను డయాబెటిస్ ఎడ్యుకేటర్‌ని. మందు రాసేది డాక్టరు. ఆ మందుతో మనిషి రోజూ ఎలా బతకాలో నేర్పేది మేము. సూది ఎక్కడ పొడుచుకోవాలి, ఎంత అన్నానికి ఎంత ఇన్సులిన్, జ్వరం వస్తే ఏం చేయాలి, ఇదే నా పని. కరోనా రాకముందు పేషెంట్లు నా గదిలో ఎదురుగా కూర్చునేవారు. వచ్చాక నేనూ, కంప్యూటరూ మిగిలాం.

మనిషి ఎదుట లేకపోతే మా పనిలో సగం కళ్లు పోయినట్టే. నడక కనపడదు, చొక్కా వదులైందో లేదో తెలియదు, నోటి వాసన అందదు. మాకు మిగిలింది గీత ఒక్కటే. చేతికి అంటించుకునే చిన్న సెన్సర్‌ని సీజీఎం అంటారు. అది రోజంతా షుగరు కొలిచి ఫోనుకి పంపుతుంది, ఫోను మా కంప్యూటరుకి పంపితే తెరమీద గీతగా కనపడుతుంది. ఆ గీత చూసి మనిషిని ఊహించుకోవాలి. నాకు మొదటినుంచీ దాని మీద పూర్తి నమ్మకం లేదు.

శ్రీధర్ గారిది వరంగల్. కార్ల విడిభాగాల కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. టైప్ వన్ డయాబెటిస్. అంటే ఒంట్లో ఇన్సులిన్ తయారవదు, బయటినుంచి వేసుకోకపోతే ప్రాణం నిలవదు. కంపెనీ వాళ్లు కుర్జార్బైట్ పెట్టారు, పని గంటలు కోసేసి ఇంట్లో కూర్చోబెట్టడమన్నమాట. భార్య స్వప్న, రెండేళ్ల పాప వరంగల్‌లో. వాళ్ల వీసాకి టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, దొరకదు, దొరికినా రద్దవుతుంది. ఒక్క గది ఇల్లు, ఒక్కడే మనిషి. తెలుగు వచ్చినదాన్ని కదా అని డాక్టరు గారు ఆయన్ని నాకు అప్పగించారు.

నవంబరులో ఆయన గీత ఉన్నట్టుండి బాగుపడింది. డాక్టరు గారు మెచ్చుకున్నారు. నాకూ సంతోషమే వేసింది, ఓ రెండు రోజులు. మూడోరోజు మళ్లీ చూస్తే అనుమానం వచ్చింది. భోజనం చేసే మనిషి గీతలో ఎగుడుదిగుళ్లు ఉంటాయి. ఈయనది ఇస్త్రీ చేసినట్టుంది. వీడియో కాల్ చేశాను. గడ్డం పెంచారు, బుగ్గలు లోపలికి పోయాయి.

"ఏం తింటున్నారు శ్రీధర్ గారూ?"

"తక్కువనే అక్కా. ఒక్క పూట."

"వంట చేసుకోలేకా?"

"అట్ల గాదు. క్లాసు జేస్తున్న. కబాలా అని, యూదుల ఆధ్యాత్మిక విద్య. కొత్తగ మొదలువెట్టినోళ్లకు జూమ్‌ల చెప్తరు."

కబాలా సంగతి నాకు తెలియదు. ఆయనే ఓపిగ్గా చెప్పారు. చెబుతుంటే ముఖం వెలిగింది, అది చూస్తే నాకు ఇంకా బెంగ పట్టుకుంది.

"మనిషంటెనే తీసుకోవాలన్న కోరిక అక్కా. అంత నాకే గావాలె అంటది. ఆ కోరికకు తెర గట్టాలె. తీసుకునుడు ఇచ్చుడుగ మారాలె. అప్పుడే లోపల మెట్టు మెట్టు ఎక్కుతం."

"ఒక్క పూట తినమని వాళ్లు చెప్పారా?"

"లే. అది నేనే పెట్టుకున్న."

ఆయన నాన్నగారు ఏటా అయ్యప్ప దీక్ష తీసుకునేవారట. నేలమీద పడక, పొద్దున్నే చన్నీళ్లు, ఏకభుక్తం. చిన్నప్పటినుంచీ సాధన అంటే ఈయన కళ్లకి కనపడింది అదే. జర్మనీలో కూర్చుని యూదుల విద్య మొదలుపెట్టి, దానికి వరంగల్ నియమాలు తగిలించారు. గురువు అడగకపోయినా మనకి మనమే నియమం పెట్టుకుంటాం. నియమం లేని భక్తి మనకి ఉప్పులేని పప్పు. నేను నవ్వలేదు. మాది క్రైస్తవ కుటుంబం, భీమవరం దగ్గర. మా అమ్మ శుక్రవారం ఉపవాస ప్రార్థనలో ఉంటే, ఆవిడకి షుగరు వచ్చాక పాస్టరు గారే "గ్లాసుడు పాలు తాగమ్మా" అని బతిమాలేవారు. వినేది కాదు.

"ఇన్సులిన్ సంగతేంటి?"

ఆయన పక్కకి చూశారు. "తగ్గించిన. తినకపోతె ఎందుకని."

తిన్నా తినకపోయినా వేసుకోవాల్సిన ఇన్సులిన్ ఒకటుంటుంది, బేసల్ అంటారు. తిండీ బేసలూ రెండూ తగ్గితే షుగరు పెద్దగా పెరగకపోవచ్చు, గీత ముద్దుగానే ఉంటుంది. లోపల మాత్రం ఒళ్లు కొవ్వుని కాల్చుకుంటూ కీటోన్లనే ఆమ్లాన్ని రక్తంలోకి వదులుతుంటుంది. ముదిరితే వాంతులు, ఎగశ్వాస, స్పృహ పోవడం. ఆ స్థితిని కీటోఅసిడోసిస్ అంటారు. డాక్టరు గారు అప్పటికప్పుడు ఆయనతో మాట్లాడి బేసల్ మునుపటిలా వేసుకోమన్నారు, రోజూ కీటోన్ స్ట్రిప్‌తో పరీక్ష చేసుకోమన్నారు. ఆయన అన్నిటికీ "యా, యా" అన్నారు. ఆ "యా"లు మా డాక్టరు గారికి ఎలా వినపడ్డాయో గానీ, నాకు మాత్రం మనవాళ్లు పెళ్లిపిలుపుకి "తప్పకుండా వస్తాం" అన్నట్టు వినపడ్డాయి.

ఇక ఆ రోజునుంచి క్లినిక్‌కి రాగానే కోటు విప్పకుండానే ఆయన గీత తెరిచేదాన్ని. ఫోన్ చేస్తే ఇన్సులిన్ గురించి నేనడిగేదాన్ని, కోరిక గురించి ఆయనడిగేవారు. ఆకలి కోరికా, అవసరమా? దాహం సంగతేంటి? భార్యాపిల్లలు దగ్గర ఉండాలనుకోవడం కూడా తీసుకోవాలన్న కోరికేనా? నాకు తెలియదని చెప్పి మాట మళ్లీ బేసల్ దగ్గరికి తెచ్చేదాన్ని. సగమైనా వేసుకుంటున్నారో లేదో తేలేది కాదు.

"మీకు దెల్వదంటున్నరు గద, గురువారం మీరే క్లాసుకు రాండక్కా. కొత్తోళ్లెవరన్న రావచ్చు," అన్నారొకసారి. వెళ్లాను, మా వంటింట్లోంచి.

చెప్పే ఆవిడ పేరు రూత్. బెర్లిన్‌లో బడిపంతులుగా చేసి రిటైరయ్యారట. తెల్ల జుట్టు, చేతిలో టీ కప్పు. ఆ రోజంతా ప్రశ్నలే. యూదుడు కానివాడు నేర్చుకోవచ్చా అని ఒకాయన అడిగాడు. నేర్చుకోవాలనిపించడమే అర్హత అన్నారావిడ. ఎన్ని నెలల్లో మార్పు తెలుస్తుందని ఒకమ్మాయి అడిగింది. మూడు నెలల సగటు షుగరు చెప్పే హెచ్‌బీఏవన్‌సీ పరీక్ష గురించి నన్ను అందరూ అడిగేది అచ్చంగా ఇదే. "ఎంత ఎదిగానని రోజూ కొలుచుకుంటూ కూర్చుంటే, మళ్లీ నాకేం వచ్చింది అన్న దగ్గరికే వచ్చావన్నమాట," అని రూత్ నవ్వారు. అందరూ నవ్వారు. శ్రీధర్ గారు నవ్వలేదు.

పేషెంట్ సంగతి బయట చెప్పకూడదు, అది మా వృత్తి నియమం. అందుకని పేరు లేకుండా అడిగాను. "కోరికని అదుపు చేయడానికి తిండీ మందూ తగ్గించుకోవచ్చా?"

రూత్ కప్పు కింద పెట్టారు. "కోరికని చంపమని ఎవరు చెప్పారు? కోరిక పాత్ర. పాత్రే లేకపోతే వెలుగు దేంట్లో నిలుస్తుంది? మార్చుకోవాల్సింది కోరికని కాదు, అది ఎవరి కోసమన్న ఉద్దేశాన్ని. ఇక మందు మాట. మాలో పెద్ద ఉపవాస దినాన కూడా, తినకపోతే ప్రాణానికి ముప్పున్న రోగి తినాలి. తినొచ్చు కాదు, తినాలి. ప్రాణం తర్వాతే ఏ నియమమైనా."

నేను తెరమీద శ్రీధర్ గారి చిన్న చదరం వైపే చూస్తున్నాను. అది నల్లబడిపోయింది. కెమెరా ఆపేశారు.

మర్నాడు పొద్దున ఫోన్ చేస్తే ఎత్తలేదు. రెండోసారీ ఎత్తలేదు. మూడోసారి వీడియో వచ్చింది. నేలమీద చాప, గోడకి ఆనుకుని ఆయన. ఊపిరి పెద్దగా, లోతుగా, పరుగెత్తి వచ్చినవాడిలా తీస్తున్నారు. పొద్దుటినుంచి వాంతులట.

"కీటోన్ చూడండి. ఇప్పుడే, నా ఎదురుగా."

వేలు పొడుచుకుని చూసి మీటరు కెమెరాకి పెట్టారు. మూడు దాటితే ఆసుపత్రే. ఆయనది అయిదుకి దగ్గరగా ఉంది. గాజు తలుపులోంచి పక్క గదిలోని నా సహోద్యోగి ఆన్యాకి సైగ చేశాను, ఆవిడ అత్యవసర నంబరు 112కి ఫోన్ చేసింది.

"అంబులెన్స్ వద్దక్కా. నేను తలుపు తియ్య. వచ్చినా వద్దని సంతకం వెట్టి పంపిస్త."

పంపించగలరు కూడా. తెలివిలో ఉన్న పెద్దమనిషి వద్దంటే ఈ దేశంలో బలవంతంగా ఎక్కించరు. తెలివి తప్పేదాకా ఆగితే ఏమవుతుందో నేను చూసినదాన్ని.

"తమ్ముడూ, రూత్ గారు నిన్న చెప్పింది విన్నావు కదా. ప్రాణం ముందు."

"ఆమెకు దెల్వదక్కా. ఇది మొక్కు."

"ఏం మొక్కు?"

ఏడ్చేశాడు. "స్వప్నా, పాప ఇక్కడికొచ్చేదాక దీక్ష ఇడువనని మొక్కిన. మధ్యల ఇడిస్తె పాపకేమన్నయితే?"

కోరిక, తెర, వెలుగు అని ఇన్నాళ్లూ మాట్లాడుకున్నదాని అడుగున ఉన్నది ఇదన్నమాట. భయం. తండ్రి భయం. రూత్ గారి జవాబు అక్కడిదాకా వెళ్లదు. అత్యవసరమైతే ఫోన్ చేయమని ఆయన ఇచ్చిన నంబరు స్వప్నది. నా మొబైల్లో కలిపి, స్పీకరు పెట్టి, కంప్యూటరు మైకు దగ్గర ఉంచాను. నాలుగు మాటల్లో సంగతి చెప్పాను.

"మొక్కిండా? నన్నడిగి మొక్కిండా?" అంది స్వప్న. తర్వాత గొంతు పెంచింది. "ఏమయ్యా, ఇంటున్నవా? మేమొచ్చేది నీ దగ్గరికే గద. నువ్వే లేకుంటె ఆ వీసా నేనేం జేసుకోవాలె?"

"పాపకేమన్నయితదని..."

అవతల పాప ఏదో అడుగుతున్నట్టు వినపడింది. మళ్లీ స్వప్న గొంతు వచ్చింది, ఈసారి మెల్లగా.

"సరే. ఆ మొక్కు నాకియ్యి. ఇగ అది నాది. తప్పేమన్న ఉంటె నా మీదికి రావాలె, పాప మీదికి గాదు, నీ మీదికి గాదు. లే, తలుపు తియ్యి."

"అట్ల ఇయ్యొచ్చా?" అన్నాడు, నిన్నటి క్లాసులో కొత్తవాళ్లు అడిగినట్టు.

"మా అమ్మ మొక్కు మా అక్క తీర్చలేదా? ఇంట్ల ఒకరిది ఒకరు తీరుస్తరు. లే అంటున్న."

లేచాడు. గోడ పట్టుకుని ఫ్రేములోంచి వెళ్లిపోయాడు. తెరమీద ఖాళీ చాప. గడియ తీసిన చప్పుడు వినపడింది. "వచ్చిండ్రా అక్కా? వచ్చిండ్రా?" అని మొబైల్లో స్వప్న. ఎంతసేపైందో నాకు తెలియదు. అంబులెన్స్ వాళ్ల బూట్ల చప్పుడు విన్నాక "వచ్చారమ్మా" అన్నాను.

కొన్నాళ్లు ఐసీయూలో ఉండి బయటపడ్డాడు. అప్పటినుంచి బేసల్ మానలేదు, క్లాసూ మానలేదు. "దేవునితోటి బేరమాడుడు గూడ తీసుకునే కోరికేనా అని రూత్‌ను అడిగిన అక్కా," అని తర్వాత ఫోన్లో చెప్పాడు. ఈ ప్రశ్న దగ్గరికి రావడానికి కొందరికి ఏళ్లు పడుతుందని ఆవిడ అన్నారట. ఆసుపత్రి మంచం ఎక్కకుండా వచ్చి ఉంటే ఇంకా బాగుండేదని నేనన్నాను. నవ్వాడు.

తర్వాతి ఏడాది ఎండాకాలంలో స్వప్న, పాప వచ్చారు. ముగ్గురూ మాస్కులతో నా గదికి వచ్చారు. తిండి లెక్కలు నేర్పడానికి నా బల్లమీద ఉంచే ప్లాస్టిక్ అరటిపండుని పాప నిజమనుకుని వాళ్ల నాన్న నోట్లో పెట్టబోయింది. రక్తపరీక్షకి శ్రీధర్ పాపని ఎత్తుకుని పక్క గదిలోకి వెళ్లాక, స్వప్న తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది.

"అక్కా, అప్పుడు మొక్కు నేను తీసుకున్న గద. ఉపాసాలేం ఉండలే. కానీ భయం మాత్రం నాకాడనే ఉన్నది. పాప దగ్గితె భయం, ఫోను మోగితె భయం. ఎవరికీ చెప్పలే. ఇప్పుడు వచ్చినం గద. తీరినట్టేనా?"

ఆ రోజు ఆయన భయం పోయిందని నేను అనుకున్నాను. పోలేదు. చేతులు మారింది. ఆరు నెలలు పైగా ఈ పిల్ల అక్కడ ఒక్కతే దాన్ని మోసింది. మా క్లినిక్‌లో ఆయన కీటోన్లు కొలిచాం, బరువు కొలిచాం, గీతలు చూశాం. ఈమెకి ఒక్కసారి కూడా ఎవరమూ ఫోన్ చేయలేదు.

"తీరింది స్వప్నా," అన్నాను. ఆ మాట చెప్పే అధికారం నాకు ఏ మతమూ ఇవ్వలేదు. అయినా చెప్పాను. ఆమె మాస్కు కిందికి లాక్కుని కళ్లు, ముక్కు తుడుచుకుంది.

ఆ తర్వాత నా పనిలో ఒకటి మారింది. పేషెంట్ గండం గడిచి ఇంటికి చేరాక ఆయనకి ఒక ఫోన్ చేస్తాం, అది క్లినిక్ పద్ధతి. నేను ఇంకో ఫోన్ కూడా చేస్తాను, ఇంట్లో వాళ్లకి. ఇన్సులిన్ గురించి కాదు. మీరెలా ఉన్నారని అడగడానికి.